దూకని జట్టు

నిజామాబాద్ స్టేషన్‌లో సాయంత్రం ముంబై రైలు ఎక్కేటప్పటికే నాకు ఈ ప్రయాణం మీద అనుమానం ఉంది. ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరై ఇంట్లో కూర్చున్నవాడికి బహ్రెయిన్ నుంచి విమానం టికెట్టు, విజిట్ వీసా ఎవరు పంపుతారు? ఎందుకు పంపుతారు?

పిలిచింది గంగాధర్. ఒకప్పుడు మా బడి కబడ్డీ జట్టులో ఆడినవాడు. ఇప్పుడు బహ్రెయిన్‌లో బిల్డింగులకు సెంట్రింగ్ కొడుతున్నాడు. మా జిల్లా కార్మికులు పన్నెండు మంది కలిసి అక్కడ ఒక జట్టు కట్టుకున్నారు. చలికాలంలో శుక్రవారాలు భారతీయుల జట్ల మధ్య పోటీలు జరుగుతాయి. నాలుగేళ్లుగా మా వాళ్లు ఒక్క మ్యాచీ గెలవలేదు.

"సార్, మీరొచ్చి పదిరోజులుంటే మా ఆట సక్కగైతది" అన్నాడు ఫోన్లో.

"టికెట్ ఎవరు పెడుతున్నరురా?" అని అడిగాను.

"ఉన్నడు సార్, ఒకాయన. మంచోడే." ఆ 'మంచోడే' అనే ముందు కాస్త ఆగాడు. ఆ ఆగడం నాకు నచ్చలేదు.

రైల్లో నా ఎదుటి బెర్తు మీద ఒక నడివయసామె ఉంది. తమ్ముణ్ని గల్ఫ్ విమానం ఎక్కించడానికి పోతోందట. బాసర దాటాక జొన్నరొట్టె, పల్లి కారం విప్పి నాకూ పెట్టింది. "దుబాయికా సార్? టికెట్ మీదేనా?" అంది. కాదన్నాను. ఆమె రొట్టె తుంచడం ఆపింది. "ఉత్తగ టికెట్ పంపినోడు ఉత్తగ పంపడు సార్. పాస్‌పోర్ట్ పైలం."

తెల్లారి ముంబైలో దిగి, స్టేషన్ బయట వడాపావ్ తిని, లోకల్ రైల్లో అంధేరీ దాకా, అక్కడి నుంచి ఆటోలో విమానాశ్రయానికి చేరాను. పెట్టె చేతిలో ఉన్నవాళ్లు ఆ లోకల్ జోలికి పోవద్దని నా సలహా. పొద్దుటి గుంపులో నా పెట్టె పిడి ఊడిపోయింది, చొక్కా గుండీ ఒకటి పోయింది. మధ్యాహ్నం విమానం. మూడు గంటలు దాటిన ప్రయాణం. దిగేసరికి అక్కడ ఇంకా ఎండ ఉంది, కానీ మెత్తగా ఉంది. చలికాలమే వెళ్లండి.

బయట ఇద్దరు నిలబడి ఉన్నారు. గంగాధర్ ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని ఉన్నాడు. పక్కన నున్నగా గడ్డం గీసుకున్న నలభై ఏళ్ల మనిషి. పేరు శేఖర్, రాజమండ్రి వైపు వాడు, జుఫైర్‌లో ఒక హోటల్‌కు మేనేజరు. నా వీసా, టికెట్టు ఆయనవే.

"ప్రయాణం బాగా జరిగిందాండీ మాస్టారూ? పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి, హోటల్లో ఎంట్రీ చేయించి లాకర్లో పెట్టిస్తాను."

ఆయన చెయ్యి చాపిన తీరు ఎంత మర్యాదగా ఉందంటే, ఇచ్చేశాను. ఇచ్చాక రైల్లో ఆవిడ మాట గుర్తొచ్చింది.

జుఫైర్ అంతా ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, హోటళ్లు. దగ్గర్లోని అమెరికా నౌకాస్థావరం నుంచి సెలవు మీద వచ్చిన తెల్ల కుర్రాళ్లు నిక్కర్లతో తిరుగుతున్నారు. హోటల్ మలుపులోనే గంగాధర్ కారు దిగేశాడు. "టీ తాగి పోరా" అన్నాను. "వద్దు సార్, క్యాంపు బస్సు పోతది" అన్నాడు. శేఖర్ అతన్ని లోపలికి రమ్మనలేదు. నాకు మాత్రం ఎనిమిదో అంతస్తులో సముద్రం కనిపించే గది ఇచ్చాడు. ఆ పరుపు మీద నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున నడుచుకుంటూ హూరా వైపు వెళ్లాను. ఇరుకు వీధులు, కిక్కిరిసిన చిన్న దుకాణాలు. ఒక మలయాళీ హోటల్లో పరాటా, గుడ్డు తిని, అక్కడివాళ్లు కరక్ అనే చిక్కటి చాయ్ తాగాను. నిజామాబాద్ జట్టు కోసం వచ్చానని హిందీలో చెప్పగానే చాయ్ పోస్తున్నతను నవ్వాడు.

"ఆ జట్టా? చేతికి చిక్కినవాణ్ని కూడా వదిలేస్తారు భాయ్. మ్యాచ్‌లు అమ్ముకుంటారని అందరూ అనుకుంటారు."

ఆ మాట విన్నాక చాయ్ చేదెక్కింది. అయితే, నా టికెట్టు ఆ డబ్బులోదేనా?

శుక్రవారం మధ్యాహ్నం శేఖర్ కారులో జిదాఫ్స్ వెళ్లాం. బజారు దాటాక ఒక ఖాళీ స్థలంలో మట్టి చదును చేసి సున్నంతో గీతలు గీశారు. మా జట్టుకు ఆ రోజు ప్రత్యర్థి మంగళూరు వాళ్ల జట్టు. ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు, మోకాళ్లకు పట్టీలు వేసుకుని వచ్చారు. మా వాళ్ల బనియన్లు ఒక్కొక్కటి ఒక్కో రంగు.

మొదటి సగం సమానంగానే నడిచింది. గంగాధర్ కూతకు వెళ్తే ఇప్పటికీ నేను నేర్పిన అడుగే వేస్తున్నాడు. అసలు సంగతి రెండో సగంలో కనిపించింది. మూలన నిలబడిన పోశన్న అనే బక్కపలచటి మనిషి ముందునుంచి ప్రత్యర్థి చీలమండ జారిపోతోంది. ఒక్కసారి ముందుకు దూకితే దొరుకుతుంది. పోశన్న దూకలేదు, పక్కకు తప్పుకున్నాడు. కాసేపటికి ఇంకొకడూ అంతే చేశాడు. ముప్పై ఏళ్లు కబడ్డీ నేర్పినవాణ్ని. చేతకాక వదిలేయడానికీ, కావాలని వదిలేయడానికీ తేడా నాకు తెలుసు. వీళ్లు కావాలనే వదులుతున్నారు.

చిత్తుగా ఓడారు. జనంలోంచి "బిక్ గయే!" అని, అమ్ముడుపోయారని అరుపులు వచ్చాయి. గంగాధర్ నా కళ్లలోకి చూడలేదు. శేఖర్ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "చూశారుగా మాస్టారూ" అన్నాడు, తాను ఎదురుచూసిందే జరిగినట్టు.

నేను ఆయన కారు ఎక్కలేదు. జట్టు వ్యానులో క్యాంపుకు వెళ్లాను. పొడవాటి రేకుల షెడ్డు, గదికి ఎనిమిది మంది, పైనా కిందా మంచాలు. గుమ్మం బయట సిమెంటు పట్టిన బూట్లు. అన్నం, టమాట పప్పు, వేయించిన మిరపకాయలు పెట్టారు. నాలుగు ముద్దలు తిని అడిగేశాను.

"ఎవని దగ్గర తీసుకున్నరు? నిజం చెప్పున్రి."

గంగాధర్ పళ్లెం కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. పోశన్న చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"పైసల్ తీసుకోలె సార్. మా సాయన్న అని ఒకడుండె. నాలుగేండ్ల కింద ఆటల దూకి కాలు పట్టిండు. పట్టు దొరికింది, పాయింటొచ్చింది. గని మెడకింది బొక్క ఇరిగింది. డ్యూటీల పడ్డడని చెప్పినం. కంపెనోళ్లకు ఎట్లనో తెలిసింది. 'ఆటల ఇరగ్గొట్టుకుంటే మాకేం సంబంధం' అన్నరు. కట్టు ఇప్పకముందే వీసా క్యాన్సిల్, ఖలాస్. ఆని పెట్టె మేమే మోసి ఎయిర్‌పోర్టుల దింపినం. ఆని అప్పులింక తీరనే లేవు. గా దినమే అందరం ఒట్టేసుకున్నం. నిలవడి పట్టుడు దొరికితె పట్టాలె. దూకుడు మాత్రం లేదు. గెలుసుడు మంచిదే సార్. గని శనివారం డ్యూటీ ఉంటది."

వినడానికి నిజంలాగే ఉంది. అందుకే నమ్మబుద్ధి కాలేదు. బడిలో కిటికీ అద్దం పగిలితే పిల్లల్ని విడివిడిగా అడిగేవాణ్ని. అలాగే ఒక్కొక్కరినీ బయటికి పిలిచి సాయన్న గురించి అడిగాను. ఒకడు ఎడమ భుజం అన్నాడు, ఒకడు కుడి అన్నాడు. కట్టిన కథయితే అందరూ ఒకే భుజం చెప్పేవాళ్లు. అప్పుడు నమ్మాను.

చివరికి గోడ పక్కన నిలబడ్డ గంగాధర్ దగ్గరికి పోయాను. "ఫోన్లనే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే మీరు రారు సార్. దూకనోళ్లకు మీరేం నేర్పుతరు?"

"మరి ఆ శేఖర్ నన్నెందుకు తెప్పించిండు?"

"నాకు తెల్వది సార్. మిమ్ముల రప్పిస్త, గని తర్వాత నా మాటొకటి వినాలె అన్నడు. ఏం మాటనో చెప్పలె."

మర్నాడు హోటల్లో ఇడ్లీ తింటూ శేఖర్‌నే అడిగాను. ఆయన తడుముకోలేదు. బయటినుంచి నలుగురు ఆరితేరిన ఆటగాళ్లను పిలిపిస్తాడట. బనియన్ల మీద హోటల్ పేరు, జట్టుకు మాత్రం మా జిల్లా పేరే.

"మనవాళ్లలో ముగ్గురు ఆడతారండి. మిగతావాళ్లు బయట కూర్చుని చప్పట్లు కొడతారు. నేను చెబితే గొడవ చేస్తారు. మీరు చెబితే వింటారు మాస్టారూ."

"మీకేంటి లాభం?"

"కప్పు మా లాబీలో ఉంటుందండి."

"అంతేనా?"

"అంతేనండి." ఆయన నా పళ్లెంలో ఇంకో ఇడ్లీ వేయించాడు.

అంతే అయ్యుంటుందని నాకు అనిపించలేదు. ఆటగాళ్ల పేరుతో మనుషుల్ని తెచ్చి ఇంకేదో పనిలో పెడతాడేమో అనుకున్నాను. రుజువు ఏమీ లేదు. అనుమానానికి రుజువుతో పనేముంది!

ఆ సాయంత్రమే శేఖర్‌ని వెంటబెట్టుకుని జిదాఫ్స్ మైదానానికి వెళ్లాను. డ్యూటీ దిగి పన్నెండు మందీ వచ్చారు. ఆయన ముందే ఆయన మాట మొత్తం వాళ్లకు చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. మొదట మాట్లాడింది ప్లంబింగ్ పని చేసే రమేశ్.

"తప్పేముంది సార్? నాలుగేండ్ల సంది నవ్వులపాలైతున్నం. గెలిస్తె మన జిల్లా పేరే గద."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్లను తప్పుపట్టలేను. ఓడి ఓడి అలిసినవాళ్లు.

"పేరు గెలుస్తది, మనం బయట కూసుంటం" అన్నాడు పోశన్న. "వారమంత కంపెనోని పని చేస్తం. గీ ఒక్క శుక్రారం గీతల లోపల మనం నిలవడ్తం. గది గూడ ఇచ్చుడేనా?"

గంగాధర్ నా వైపు తిరిగాడు. "మీరేమంటరు సార్?"

"ఆట మీది. నేను చెప్ప" అన్నాను. వాళ్లు పక్కకు పోయి చాలాసేపు గట్టిగానే వాదించుకున్నారు. తిరిగొచ్చి గంగాధర్, "వద్దు సార్, మేమే ఆడుకుంటం" అన్నాడు. రమేశ్ ముఖం మాడ్చుకునే ఉన్నాడు, కానీ గీతలు గీయడానికి సున్నం బస్తా అతనే ఎత్తుకున్నాడు.

శేఖర్ నవ్వాడు. "సరేనండి, బలవంతమేం లేదు."

నేను అక్కడే, అందరి ముందూ, నా పాస్‌పోర్టు అడిగాను. లాకర్లో ఉందన్న పాస్‌పోర్టు ఆయన చొక్కా జేబులోంచి వచ్చింది. "ఇచ్చేద్దామనే తెచ్చానండి" అన్నాడు. నిజంగా ఇద్దామనే తెచ్చాడో, నా జవాబును బట్టి ఇద్దామని తెచ్చాడో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ వారం రోజులూ సాయంత్రాలు, నా జన్మలో నేర్పని కబడ్డీ నేర్పాను. మోకాలు నేలకు తగలకూడదు. ముగ్గురు చేతులు కలిపి నిలబడి, వచ్చినవాణ్ని మూలకు తోసి, ఛాతీతో ఆపాలి. కూతకు పోయినవాడు ఆశపడకుండా బోనస్ గీత దాటి వెనక్కి రావాలి. చూసేవాళ్లకు విసుగు పుట్టే ఆట. పోశన్నకు అది బాగా నచ్చింది. "గిది గోడ కట్టినట్టున్నది సార్" అన్నాడు.

రెండో శుక్రవారం తమిళ జట్టుతో మ్యాచి. వాళ్లు మా వాళ్లను తేలిగ్గా తీసుకున్నారు. ముగ్గురి గోడలో వచ్చి ఇరుక్కుని, ఎలా బయటపడాలో తెలియక తికమకపడ్డారు. విరామానికి మేమే ముందున్నాం. ఎగతాళి చేయడానికి వచ్చినవాళ్లు కూడా గీత దగ్గరికి జరిగారు. శేఖర్ కారుకు ఆనుకుని చూస్తున్నాడు.

చివరికి పాయింట్లు సమానమయ్యాయి. ఆఖరి కూతకు వాళ్ల మంచి ఆటగాడు వచ్చాడు. రమేశ్‌ను తాకి, గిర్రున తిరిగి మధ్యగీత వైపు ఉరికాడు. అతని చీలమండ పోశన్న ముందునుంచే పోతోంది. దూకితే దొరుకుతుంది, మ్యాచి మాది. పోశన్న వంగాడు. చేతులు ముందుకు వెళ్లాయి. భుజం దించడం కూడా చూశాను.

ముప్పై ఏళ్లుగా అలాంటి చోట నా నోటినుంచి వచ్చిన మాట ఒక్కటే: 'దూకు!' ఆ రోజు నేను లేచి నిలబడి, గొంతు చిరిగేలా, "వద్దు పోశన్నా! వద్దు!" అని అరిచాను.

పోశన్న ఆగిపోయాడు. ఆ కుర్రాడు గీత దాటాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

"బిక్ గయే!" అని మళ్లీ అరిచారు. ఈసారి వేళ్లు నా వైపు చూపించారు. కోచ్ కూడా అమ్ముడుపోయాడని హూరా చాయ్ దుకాణంలో చెప్పుకుని ఉంటారు. గంగాధర్ వచ్చి పోశన్న భుజం మీద చెయ్యి వేసి, ఎముక సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచాడు. పోశన్న ఏడుస్తున్నాడు. నేనూ ముఖం తిప్పుకున్నాను.

మర్నాడు నా తిరుగు ప్రయాణం. విమానాశ్రయానికి శేఖరే దింపాడు. దారిలో, "వచ్చే ఏడు కూడా మనవాళ్లకు వ్యాను నేనే పంపిస్తానండి. కొత్త బనియన్లు కూడా" అన్నాడు.

"పేరు మీదేనా?"

"ఏ పేరూ ఉండదండి."

"మరెందుకు?"

"అన్నిటికీ ఎందుకని అడుగుతారేంటండీ మాస్టారూ!" అని నవ్వాడు. నేను నవ్వలేదు. నెమ్మది మీద గంగాధర్‌కు ఫోన్ చేసి, ఆ బనియన్లు తీసుకునే ముందు వెనక ఏముందో తిరగేసి చూడమన్నాను.

ముంబై నుంచి రైల్లో, నాందేడ్ దాటాక పక్క బెర్తు పెద్దమనిషి నా చేతిలోని ఖర్జూరాల ప్యాకెట్టు చూసి ఎక్కడినుంచని అడిగాడు. జట్టు సంగతి చెప్పాను.

"గెలిచిండ్రా మరి?"

ఆ జట్టు ముందు ముందు గెలుస్తుందా అంటే, గెలవకపోవచ్చు. విరగడానికి వీల్లేని ఎముకలతో ఆడే జట్టు అది, దాని ఆట అక్కడిదాకానే. కానీ వచ్చే చలికాలం కూడా గీతల లోపల నిలబడేది వాళ్లే.

"శనివారం పొద్దున పన్నెండు మందీ డ్యూటీకి ఎక్కిండ్రు" అన్నాను.

ఆయన నన్ను అనుమానంగా చూసి, కిటికీ వైపు తిరిగాడు.