చంకకర్రల బొమ్మ

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు తుపాకీ గొట్టాన్ని ఒంటిచేత్తో పక్కకి నెట్టేశానని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు, మనవళ్ళకు చెబుతున్నాను. అది పచ్చి అబద్ధం.

అక్కడ బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఒక ఇంటికి నేను డ్రైవర్‌ని. వంటవాడు రాయచోటి భాయ్. పోలియో వల్ల రెండు చంకకర్రల మీద నడిచేవాడు. మా కఫీల్, అంటే యజమాని, కుటుంబంతో సౌదీకి పారిపోతే ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. హాల్లో, ఎప్పుడో నాలుగు వందల ఏళ్ళ నాటి యూరప్ చిత్రకారుడి బొమ్మకు నకలు వేలాడేది. అందులో రాజులు లేరు, దేవతలు లేరు. చంకకర్రల మీద అయిదుగురు అవిటివాళ్ళు, అంతే.

"ఏం భాయ్, గోడ మీద మీ చుట్టాలు కుశాలేనా?" అని రోజూ ఎగతాళి చేసేవాణ్ణి.

"సరిగ్గా చూడ్రా. ఒక్కడన్నా చెయ్యి చాపినాడా?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం సైనికులు తలుపు బాదారు. దోచిన సామాను తోలడానికి వాళ్ళకు డ్రైవర్ కావాలి. పక్కింటి డ్రైవర్ అలా వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను సోఫా వెనక దూరాను.

"డ్రైవర్ ఎక్కడ?" అని అరిచారు.

"నేనే. యల్లా, పోదాం," అంటూ భాయ్ కర్రలు టకటకలాడించుకుంటూ ముందుకొచ్చాడు.

సందులోంచి చూస్తే వాళ్ళు అతని కాళ్ళను చూశారు, గోడ మీది బొమ్మను చూశారు, పగలబడి నవ్వారు. మేకుకున్న తాళాలు లాక్కుని కారు వాళ్ళే తోలుకుపోయారు.

"ఖలాస్, పోయినారు. బయటికి రారా," అన్నాడు భాయ్.

లేవబోతే నా కాళ్ళు నిలవలేదు. అతను గోడకు ఆనుకుని ఒక కర్ర అందించాడు. దాన్ని అందుకుని చంకలో పెట్టుకుని మొదటిసారి ఆ బొమ్మను సరిగ్గా చూశాను. నిజమే, వాళ్ళలో ఒక్కడూ చెయ్యి చాపలేదు. చాపింది నేనే.