ఎన్నికలకు ఠాణా చేరే పిస్తోలు

ఎనభైల్లో, ఎన్నికల ముందు ఒకరోజు, వన్ టౌన్ వెళ్ళే బస్సులో నా చేపల తట్ట పక్కన ఒక పెద్దమనిషి బరువైన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి బాబూ అది?" అని అడిగాను.

"మా నాన్న పిస్తోలమ్మా. గుండే బొటనవేలంత ఉంటాది. ఓట్లయ్యేదాకా పోలీసు ఠాణాలో అప్పగించాలి. ఓపాలి కోపంలో తమ్ముడి మీద పేల్చీసాను. దాని బరువుకి చెయ్యి వాలిపోయి గుండు గడపలో దిగింది. ఇది ఠాణాలో ఉన్నన్నాళ్ళే ఆడు మా ఇంటికొస్తాడు."

"మరి మళ్ళీ తెచ్చుకోడం దేనికి?"

"నాన్న గురుతు గదా."

"తమ్ముడు కాడేటి నాన్న గురుతు?"

అతను సంచిని ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఠాణా దగ్గర దాన్ని తీసుకుని దిగిపోయాడు.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ బస్సులో అతని కోసం చూసేదాన్ని. కనబడకపోతే, పిస్తోలు ఠాణాలోనే వదిలేశాడనుకుని స్థిమితపడేదాన్ని.