ఖైసర్ తెచ్చుకున్న సముద్రం

హైదరాబాదు పాతబస్తీ బహదూర్‌పురాలో సైకిల్ షాపు నడిపే బాబూమియా బిడ్డ ఖైసర్ బేగం, సముద్రపు సూక్ష్మజీవుల మీద పరిశోధనలో చేరిందని తెలిసి గల్లీ అంతా నవ్వింది. మూసీ తప్ప మరో నీళ్లెరగని పిల్లకు సముద్రంతో ఏం పని అన్నారు. అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం.

ఖైసర్‌ను పట్టుకున్నది ఒక్కటే ప్రశ్న. చచ్చిన చేపలు, కుళ్లిన నాచు నీళ్లలో కరిగిపోయాక ఏమవుతాయి? షర్బత్‌లో చక్కెరలా కంటికి ఆనని ఆ సారాన్ని ఏ చేపా నోట కరుచుకోలేదు. సూక్ష్మజీవులు మాత్రం తమ రసాలతో దాన్ని ముక్కలు చేసి పీల్చుకుంటాయి. కొంత వాటి ఊపిరికి ఖర్చవుతుంది, కొంత వాటి ఒళ్లవుతుంది. వాటిని తిని చిన్న ప్రాణులు, ఆ ప్రాణులను తిని చేపలు బతుకుతాయి. ఆ మొదటి ముద్దను కొలిచి చూపాలని ఆమె పట్టుదల.

గైడు పురుషోత్తం సార్ తన దగ్గర చదివే మగపిల్లలను పంపి విశాఖపట్నం నుంచి నీళ్లు తెప్పించాడు. రైల్లో కాగిపోయిన క్యాన్ల మూత తీస్తే కంపు. దారిలోనే ఆ జీవులు తినాల్సిందంతా తినేశాయి.

"నేనే పోత సార్. ఒడ్డు మీదనే ప్రయోగం పెడ్త."

"పడవ మీదికి ఆడపిల్లనా? ఏమన్న అయితే జవాబెవరు చెప్పాలె? పెరుగుల ఉండే సూక్ష్మజీవుల మీద చెయ్యి. ఊరు దాటే పని లేదు."

"పెరుగు మా అమ్మీ తోడేస్తది సార్. నాకు సముద్రమే కావాలె."

ఇంట్లోనూ లొల్లే. మేనమామలు వద్దంటే వద్దన్నారు. తల్లి వహీదా కొక్కేనికున్న బుర్ఖా తీసి భుజాన వేసుకుంది. "ఒంటరిగ పోతేనే కదా మీకు ఫికర్? నేను గూడ పోత. ఇగ చెప్పుర్రి."

విశాఖపట్నంలో ఈశ్వరయ్య అనే జాలరి తల్లీబిడ్డలను తన పడవ ఎక్కించుకున్నాడు. వహీదా చెక్క పట్టుకుని దువా చదువుతూనే ఉంది. ఖైసర్ వాంతి చేసుకుంది, మూతి తుడుచుకుంది, సీసా దించింది. మళ్లీ వాంతి.

"ఎనక్కెళ్లిపోదామేటమ్మా?"

"సీసాలు నిండేదాక తిప్పొద్దన్నా."

ఒడ్డున అద్దె గదిలో ఆ నీళ్లను వడకట్టి, నాచు రసం కలిపింది. సగం సీసాల్లో విషం వేసి సూక్ష్మజీవులను చంపింది. అన్నింటినీ బిగించి చీకట్లో పెట్టింది. కొన్నాళ్లకు కొలిస్తే, విషం వేసిన నీళ్లలో ఆక్సిజన్ దాదాపు అట్లాగే ఉంది. జీవులు బతికున్న సీసాల్లో బాగా తగ్గిపోయింది. నాచు రసాన్ని తింటూ అవి ఊపిరి తీసుకున్నాయి.

పురుషోత్తం సార్ ఫలితాలు చూసి మెచ్చుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "వ్యాసంల ఆ పిల్లల పేర్లు గూడ పెట్టు. మొదట నీళ్లు తెచ్చింది వాళ్లే."

"ఆ కంపు నీళ్ల మీద రాసుకోమనుర్రి సార్. దీని మీద రానియ్య."

ఆ కోపంతో ఏడాది పాటు ఆయన ఆమె థీసిస్ మీద సంతకం పెట్టలేదు. ఆమె రోజూ ఆయన గది ముందు నిలబడింది. డిపార్ట్‌మెంటులో అందరూ చూస్తున్నా కదల్లేదు. చివరికి ఆయనే విసుగెత్తి కలం తీసి సంతకం పెట్టాడు.

"మస్తు మొండిదానివి."

"అవును సార్," అని ఖైసర్ కాగితాలు అందుకుంది.