వెనకాల పోసిన నీళ్లు

మేము తిరిగొచ్చేసరికి ఆ ఇల్లాలు పసుపునీళ్లతో గది కడుగుతోంది. అతిథిగా వచ్చిన పిల్ల పడుకున్న మంచం అప్పటికే బయట ఎండలో నిలబెట్టి ఉంది. ఆ పిల్ల గడప దాటి గంటైనా కాలేదు. మా వైపు మనిషి వెళ్లిన వెంటనే ఇల్లు ఊడ్వను కూడా ఊడ్వరు. శవం లేచిన ఇంట్లోనే వెనకాల నీళ్లు పోస్తారు. నేను గడప బయటే ఆగిపోయాను.

అతిథి నా వెనకే ఉంది. నాగాలాండ్ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి. ముఖం చూసి, రంగు చూసి మనిషిని దూరం పెట్టే అలవాటు పోవాలంటే పిల్లలు ఒకరింట్లో ఒకరు కొన్నాళ్లు ఉండాలని నంద్యాలలో కొందరు ఈ రాకపోకలు మొదలుపెట్టారు. ముందు వాళ్ల పిల్లలు ఇక్కడికి, తర్వాత మన పిల్లలు అక్కడికి. విలేకరిగా ఊళ్లు తిరిగినవాణ్ణని ఇళ్లు చూసిపెట్టమని నన్నడిగారు. ఆళ్లగడ్డలో ఈ రైతు కుటుంబాన్ని చూపించింది నేనే. వాళ్లమ్మాయి నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. వచ్చే నెల నాగాలాండ్ వెళ్లి ఈ అతిథి ఇంట్లో ఉండాల్సింది ఆమే.

ఉన్నన్ని రోజులూ ఇల్లాలు ఆ పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకుంది. అది నటన అని ఇప్పటికీ అనుకోను. జొన్నరొట్టె తట్టడం నేర్పింది. జడ వేసి కనకాంబరాలు పెట్టింది. బజార్లో ఎవడో "చైనా పాప" అని నవ్వితే, "మీ ఇంటికొచ్చిన పిల్లనైతే ఇట్లే అంటావా రా?" అని నిలబెట్టి కడిగేసింది. "ఇంకోటి తింటావా పాపా?" అంటే "తింటాండా అమ్మా" అని ఆ అమ్మాయి మా యాసలోనే అనేది. ఇంటాయన పొలమారేదాకా నవ్వేవాడు. సాగనంపేటప్పుడు ఇల్లాలు రవికగుడ్డ చేతిలో పెట్టి కళ్లొత్తుకుంది.

నంద్యాలకు బయల్దేరి, దారిలో శిరివెళ్ల చేరకముందే, ఫోను ఛార్జరు మర్చిపోయానని అమ్మాయి చెప్పింది. కారు వెనక్కి తిప్పాం.

"ఏందన్నా, మళ్లొచ్చినారు?" చీపురు చేతిలో ఉండగానే అడిగింది ఇల్లాలు.

"ఇదేందమ్మా?"

"రేపు ఇంట్లో వ్రతముంది కదన్నా. పాప బంగారమే. వాళ్లు ఏం తింటారో, ఏ కులమో. శుద్ధి చేసుకోవద్దా?"

"మనింట్లో నువ్వు పెట్టిందే కదమ్మా తినింది," అంటూ కూతురు వంటింట్లోంచి వచ్చింది. "నేను వాళ్లింటికి పోతాండా. నేనొచ్చినాక వాళ్లూ ఇట్లే కడుగుతారా?"

"నిన్నెందుకు కడుగుతారే? నీకేం తక్కువ?"

ఆ మాటలు అర్థమయ్యేంత తెలుగు అతిథికి రాదు. తడి గచ్చు మీద మునివేళ్లతో నడిచి, గోడకున్న ఛార్జరు తీసుకుంది. "పోయొస్తానమ్మా," అంది, నేర్పినట్టే. కారులో నంద్యాల దాకా పసుపు వాసన.

మొన్న అతిథి నాగాలాండ్ నుంచి ఫోటో పంపింది: ఆళ్లగడ్డ అమ్మాయి కోసం కొత్త దుప్పటి పరిచిన మంచం. ఇక్కడి అమ్మాయికి రైలు టికెట్ వచ్చింది. ఆ ఫోటోకు ఆమె ఇంతవరకూ జవాబివ్వలేదు. వెళ్తుందో లేదో తల్లికీ చెప్పడం లేదు.