రోజుకు ఐదు మాటలు

నా చిన్నప్పుడు మేము పటాన్‌చెరులో కిరాయికుండేవాళ్ళం. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్ళేవాడు. పక్క వాటాలో ఉండే అక్కవాళ్ళది కోస్తా. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. అక్క నర్సు ట్రైనింగ్‌లో మొదటి ఏడాది పరీక్ష తప్పింది. చదివిందంతా తెలుగు మీడియం కావడంతో వైద్యం మాటల దగ్గరే దెబ్బతింది. మళ్ళీ రాయడానికి ఇంటి దగ్గరే ఉండి చదువుకునేది.

రోజుకు ఐదు కొత్త మాటలు నేర్చుకోవాలని పట్టుబట్టింది. ఇంగ్లీషు మాట పక్కన ఎలా పలకాలో తెలుగులో రాసుకుని, సాయంత్రం ఆ నోటుబుక్కు నా చేతికిచ్చేది. నేనప్పుడు ఆరో తరగతి. నేను అడగాలి, తను చెప్పాలి. పొడవాటి మాటల్ని విడగొట్టేది. "చివర 'ఐటిస్' వస్తే వాపు" అనేది. ఆదివారం ఆ వారం మాటలన్నీ మళ్ళీ మొదటినుంచి. ఒక్కటి తప్పినా మర్నాటి ఐదింటిలో దాన్నీ కలుపుకునేది. నాకదంతా ఆటలా ఉండేది.

ఆ రోజుల్లోనే అమ్మకు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. సంగారెడ్డి ఆసుపత్రిలో సూదితో పరీక్ష చేశారు. శనివారం నాన్న వెళ్ళి రిపోర్టు తెచ్చాడు. డాక్టరు మళ్ళీ సోమవారానికి గానీ రారు. నాన్న ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు. 'ట్యూమర్' అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"క్యాన్సరే ఉన్నట్టున్నది" అన్నాడు మెల్లగా.

అమ్మ చేతిలో చేట కింద పెట్టి గోడకు ఆనుకుంది. "పిల్ల ఇంకా చిన్నదే గదా" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

కాగితం నేను తీసుకున్నాను. ట్యూమర్‌కు ముందు ఇంకో మాట ఉంది. ఆ వారమే నేను అక్కను అడిగిన మాట. బినైన్.

"నాన్నా, గిది పాకే గడ్డ కాదు. అక్క చెప్పింది."

"ఊకో బిడ్డా, నీకేం తెలుసు" అన్నాడు నాన్న.

పరుగెత్తి అక్కను పిలుచుకొచ్చాను. తను రిపోర్టు మొత్తం రెండుసార్లు చదివింది.

"బాబాయ్, ట్యూమర్ అంటే గడ్డ, అంతే. క్యాన్సరే కానక్కర్లేదు. బినైన్ అంటే వేరేచోటికి పాకనిది. పాప సరిగ్గానే చెప్పింది."

"జెర మంచిగ సూసి చెప్పు బిడ్డా" అంది అమ్మ.

అక్క మూడోసారీ చదివింది. "ఇందులో అలాగే ఉంది పిన్నీ. కానీ నేనింకా పరీక్ష పాసవ్వలేదు. సోమవారం మీతో వస్తాను, డాక్టరుగారినే అడుగుదాం."

సోమవారం డాక్టరూ అదే మాట చెప్పారు. కొన్నాళ్ళకు ఆ గడ్డ తీసేశారు. అమ్మ కోలుకుంది. అక్క రెండోసారి పరీక్ష పాసయింది.

నాన్న మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఆయనకు రెండు మాటల్లో ఒకటే తెలుసు, ఆ ఒక్కటే భయపెట్టింది. రెండో మాట నేర్చుకున్న మనిషి గోడకవతలే ఉండటం మా అదృష్టం. తనకు తెలిసింది ధైర్యంగా చెప్పి, ఇంకా తేలాల్సింది డాక్టరును అడుగుదామన్న మనిషి కావడం ఇంకా పెద్ద అదృష్టం.

నేను నర్సునూ కాలేదు, డాక్టర్నూ కాలేదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కానీ మా వాళ్ళెవరు ఆసుపత్రికి వెళ్ళినా తోడు నేనే వెళ్తాను. తెలియని మాట వినబడితే సిగ్గుపడకుండా అడుగుతాను. డాక్టరు విసుక్కున్నా సరే, అర్థమయ్యాకే కుర్చీలోంచి లేస్తాను.