స్టమెన్కా సీసాలు

చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చాలు, మా ఊరు గోర్నా స్లివాలో పై వీధి ఇళ్ళ దీపాలు గుమ్మడికాయ రంగుకు దిగిపోయేవి. సరిగ్గా అప్పుడే కింది వీధి ఇళ్ళ దీపాలు కళ్ళు చెదిరేలా వెలిగేవి. మా ఊళ్ళో ఉన్నవే రెండు వీధులు. ఉత్తరాలూ పింఛన్లూ పంచేదాన్ని గనక రెండు వీధుల తిట్లూ నా చెవిన పడేవి. కింది వీధివాళ్ళు తమ కరెంటు లాగేసుకుంటున్నారని పై వీధివాళ్ళ ఏడుపు. పై వీధివాళ్ళు ఇంటింటా హీటర్లు పెట్టి లైను పాడుచేశారనీ, అందుకే తమ టీవీలు కాలిపోతున్నాయనీ కింది వీధివాళ్ళ కోపం. కరెంటు కంపెనీకి ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు: మీ ఇళ్ళలో వైరింగు చూసుకోండి.

స్టమెన్కాది పై వీధిలో మూడో ఇల్లు. పట్నంలో టెలిఫోన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు టంకం వేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక భర్తతో ఊరికి తిరిగొచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. వంటింటి బల్ల మీద రేడియోలు, ఇస్త్రీపెట్టెలు, అందరూ పారేయమన్న మిక్సీలు బాగుచేసేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేతిలో పని ఉన్నంతసేపూ పాడుతూనే ఉంటుంది, సగం మాటలు తనే కల్పించుకుని.

ఆ జనవరిలో ఒక సాయంత్రం ఆమె సోల్డరింగ్ ఐరన్ వేడెక్కలేదు. టంకం కరగలేదు. మర్నాడు ఉదయం నేను ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళేసరికి బల్లంతా విప్పేసిన అడాప్టర్లు పరిచి ఉన్నాయి. ఫ్యాక్టరీ మూసే రోజు చెత్తలో వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నవవి. ఏం చేస్తున్నావని అడిగాను.

"కరెంటుకి జ్వరం చూసే మీటరు చేస్తున్నా డెల్కా. దీపం గుడ్డిగా ఉందని మనం అంటాం, మీ వైరింగు బాలేదని వాళ్ళంటారు. మాటకి మాట సరిపోతోంది. అంకె చూపిస్తే ఏమంటారో చూద్దాం."

అలాంటి యంత్రాలు బజారులో లేకపోలేదు. కానీ ఒక్కోటి నా నెల జీతమంత. ఆమెకు కావలసింది ఒకటి కాదు, ఇంటింటికీ ఒకటి. అందుకని ఒక అడాప్టరు, అగ్గిపెట్టె కన్నా చిన్న సర్క్యూటు పలక, అంకెలు కనిపించే చిన్న తెర, ఇంటికొచ్చే తీగ చుట్టూ తొడిగితే ఎంత కరెంటు వాడుతున్నామో చెప్పే ఉంగరం, ఇంతే పెట్టుకుంది. పోస్టులో వచ్చిన పలకలను నేనే అందించాను గనక ఆ మీటరు పుట్టడంలో నాకూ కాస్త వాటా ఉందని ఇప్పటికీ చెప్పుకుంటాను.

మొదటిది నాలుగు వందల వోల్టులు చూపించింది. "ఇదే నిజమైతే మనిద్దరం ఈపాటికి బొగ్గే" అని పడీపడీ నవ్వింది స్టమెన్కా. రెండోది పొయ్యి దగ్గర ఒక అంకె, కిటికీ దగ్గర ఒక అంకె చూపించింది. వేడికి మనసు మార్చుకునే భాగమేదో పట్టుకోవడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది. మూడోదాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి పట్నంలో వృత్తి విద్యా బడికి వెళ్ళింది. అక్కడి మాస్టారు తన ఖరీదైన మీటరును పక్కనే పెట్టి గంటసేపు చూశాడట. తేడా ఒక్క వోల్టు. ఆ సంతోషంలో ఆమె మిఠాయి కొట్టులో రెండు కేకు ముక్కలు తీసుకుంది. ఒకటి బస్సులోనే తినేసింది, ఒకటి నాకు తెచ్చింది.

ఇక డబ్బా కావాలి. కొనే డబ్బా లోపలి సామానుకన్నా ఖరీదు. మా ఊళ్ళో దేనికైనా కొరత వస్తుంది గానీ కాల్చిన మిరప పచ్చడి సీసాలకు రాదు. సామానంతా సీసాలో పెట్టి మూత బిగించింది. అడాప్టరు గోడకే ఉంటుంది, సీసాలోకి వెళ్ళేది తొమ్మిది వోల్టులే, చేత్తో పట్టుకున్నా భయం లేదు. కళ్ళజోడు లేకుండా కనిపించేంత పెద్ద అంకెలు, కరెంటు బాగుంటే ఆకుపచ్చ దీపం, తగ్గితే పసుపు, మించితే ఎరుపు. గంట గంటకూ ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో అది గుర్తుపెట్టుకుంటుంది.

పై వీధిలో ఆరు ఇళ్ళవాళ్ళు వెంటనే తీసుకున్నారు. ముసలి త్సోనా అన్నీ ఆపేసినా ఉంగరం ఏదో వాడకం చూపిస్తూనే ఉందని గోల పెట్టింది. వెతగ్గా వెతగ్గా నేలమాళిగలో క్యాబేజీ పీపా వెనక ఒక చిన్న హీటరు దొరికింది. రెండేళ్ళ కిందట గడ్డ కట్టకుండా మొగుడు పెట్టి మరిచిపోయాడు. "నేను పైన దుప్పటి కప్పుకుని వణుకుతుంటే క్యాబేజీ కింద వేసవి సెలవులు గడుపుతోంది" అని ఆమె ఊరంతా చెప్పుకుని నవ్వింది.

కానీ ఒక్క వీధి అంకెలతో ఏమీ తేలదు. కింది వీధిలో సీసా పెట్టాలంటే జప్రియాన్ ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకున్నట్టే. ట్రాక్టరు నడిపి రిటైరైన మనిషి, స్టమెన్కా భర్తకు వరసకు అన్న. టీవీ, దాని వెనకే ఫ్రీజరు కాలిపోయినప్పటి నుంచి రెండు చలికాలాలుగా ఆమెతో మాట లేదు. నన్ను తోడు తీసుకుని తనే వెళ్ళింది.

"బావగారూ, ఇది మీ ఇంట్లో పెట్టుకోవాలి."

ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. "నా టీవీ తిన్నారు, ఫ్రీజరు తిన్నారు. ఇప్పుడు పచ్చడి సీసా పట్టుకొచ్చావా?"

"పచ్చడి నేనే తినేశా. మీకు అంకెలే మిగిలాయి."

"ఇదీ కాలిపోతే?"

"కాలితే మీరు గెలిచినట్టే. ఊరంతా తిరిగి చెప్పుకోండి."

వెనక నుంచి ఆయన భార్య యోవా చెయ్యి చాపి సీసా అందుకుంది. "గెలుస్తానంటే ఈయన ఇంట్లో గాడిదనైనా కట్టేసుకుంటాడు. ఇలా ఇవ్వమ్మా, ఎక్కడ పెట్టాలో చూపించు."

అలా కింది వీధిలో అయిదు సీసాలు చేరాయి. ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న పాత బడిలో ఒకటి పెట్టారు. రెండు వారాలు నేను ఉత్తరాలతో పాటు అంకెలు కూడా మోశాను. మూడో ఆదివారం స్టమెన్కా రెండు వీధుల కాగితాలూ పక్కపక్కన పరిచి చూస్తూ చూస్తూ పాట ఆపేసింది. ఆమె పాట ఆపడం నేనెప్పుడూ చూడలేదు. ఒకే గంటలో పై వీధిలో నూట డెబ్బై నాలుగు, కింది వీధిలో రెండు వందల అరవై ఒకటి. ఏ రోజు చూసినా ఇది దిగినప్పుడల్లా అది ఎక్కుతోంది. బడిలో మాత్రం రెండు వందల ఇరవై ఎనిమిది దగ్గరే నిలకడగా ఉంది.

"ఎవరి కరెంటూ ఎవరూ లాగట్లేదే డెల్కా. రెండు వీధులూ ఒక తక్కెడకి రెండు పళ్ళేలు. మధ్య ముల్లు వదులైంది. రెండింటికీ కలిపి వెనక్కి వెళ్ళే న్యూట్రల్ తీగ బడి దాటాక ఎక్కడో ఊడొస్తోంది."

ఊరు నమ్మాలంటే ఊరే చూడాలంది. వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చాక కింది వీధివాళ్ళు కరెంటు సామాన్ల ప్లగ్గులన్నీ తీసేసి సీసాల ముందు కూర్చోవాలి. చర్చి గంట మొదటిసారి కొట్టగానే పై వీధివాళ్ళు హీటర్లూ ఓవెన్లూ వేయాలి, రెండోసారి కొట్టగానే ఆపాలి. జప్రియాన్ అన్నీ తీసేశాడు గానీ వంటింట్లో ఒక్క బల్బు ఉంచుకున్నాడు. కాలితే కాలనీ, నా కళ్ళతో నేను చూడాలన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. గంట మోగింది. పై వీధిలో పదమూడు ఓవెన్లు ఒక్కసారి వెలిగాయి. జప్రియాన్ బల్బు తెల్లగా, కళ్ళు నొప్పెట్టేంత తెల్లగా మారింది, సీసాలో ఎర్ర దీపం వెలిగింది. గంట రెండోసారి మోగగానే బల్బు మామూలైపోయింది. ఆయన మళ్ళీ కొట్టించమన్నాడు. మూడుసార్లు కొట్టించాడు. అప్పుడు టోపీ పెట్టుకుని, రెండేళ్ళుగా ఎక్కని పై వీధి ఎక్కాడు.

స్టమెన్కా గుమ్మం ముందు నిలబడి, "మీరు మా కరెంటు పాడుచేస్తున్నారనుకున్నా. మీరూ మాలాగే ఇబ్బంది పడుతున్నారన్నమాట" అన్నాడు.

"పడుతున్నాం బావగారూ. చీకట్లో పడుతున్నాం, అదే తేడా."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఆ రోజు వేడెక్కిన ఓవెన్లు ఊరికే పోలేదు. పదమూడు ఇళ్ళలో జున్ను కూరిన పొరల రొట్టెలు, బనిత్సాలు, తయారయ్యాయి. రెండు వీధులూ బడి ఆవరణలో కూర్చుని తిన్నాయి. యోవా రేగుపండు సారా తెచ్చింది.

అంకెలన్నీ రాసి, బడి దాటాక వీధులు రెండుగా చీలే మలుపులో స్తంభం చూడమని స్టమెన్కా కంపెనీకి ఉత్తరం పంపింది. పదో రోజున ఇద్దరు లైన్‌మెన్ నిచ్చెన వేసుకొచ్చారు. పైకెక్కిన పెద్దాయన తీగను పట్టి ఉంచే బిగింపు ఒకటి, నల్లగా మాడినది, విప్పి కిందికి తెచ్చాడు. వేళ్ళతో నలిపితే పొడి రాలింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ స్తంభం ఎక్కాలో చెప్పి పిలిచినవాళ్ళను చూడలేదనీ, ఆ సీసా తనకూ ఒకటి కావాలనీ అన్నాడు. ఆ సాయంత్రం ఐదు దాటాక రెండు వీధులవాళ్ళూ ఊరికే బయట నిలబడి ఒకళ్ళ కిటికీలు ఒకళ్ళు చూసుకున్నారు. అన్నీ ఒకే రంగు.

తరవాత ఈ కబురు లోయ మొత్తం పాకింది. ఇప్పుడు శనివారాలు మా గ్రంథాలయం గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు టంకం వేస్తారు, త్సోనాతో సహా. సీసాలు కడగడం జప్రియాన్ వంతు. మూతలకు రంధ్రాలు వేయడంలో తనకన్నా మొనగాడు లేడని ఆయన నమ్మకం. నిరుడు జూన్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక బడివాళ్ళు స్టమెన్కాను పిల్లలకు నేర్పించమని పిలిచారు. ఆరు సీసాలను ఉన్ని మేజోళ్ళలో చుట్టుకుని వెళ్ళింది. అరవై ఏళ్ళ మనిషి, సముద్రం చూడడం అదే మొదలు. రెండో రోజు పాఠం అయ్యాక పిల్లలు ఆమెను నీళ్ళలోకి లాగారట. తిరిగొచ్చినప్పుడు చెప్పులు తడిగానే ఉన్నాయి. ఎలా ఉందక్కా అని అడిగితే, చాలా పెద్దగా పాడాల్సి వచ్చింది, లేకపోతే ఆ అలల హోరులో తన పాట తనకే వినపడేది కాదు అంది.