ఉక్కుమల్లన్న మీద మూడు గీతలు

ఆరేళ్లుగా ఒక కాగితాన్ని మడిచి దాచుకుని తిరుగుతున్నాను. అరఠావు కంటే పెద్దది కాదు. ఇల్లు మారిన రెండుసార్లూ అన్నిటికంటే ముందు సర్దింది దాన్నే. అందులో ఏముందో చెప్పే ముందు, దాని వల్ల పోయినవి ఏమిటో చెప్పనివ్వండి. లెక్కతో మొదలుపెట్టకపోతే నాకు మాట రాదు.

ఒక వీరుడు, పేరు ఉక్కుమల్లన్న. ఆ వీరుణ్ణి ఆడించిన మనిషి, పేరు సత్తయ్య. ఐదుగురం కూర్చునే ఒక చాప. నలభై ఐదు దగ్గర ఆగిపోయిన ఆదివారం మధ్యాహ్నాలు. మందు ముట్టనన్న మాటను సత్తయ్య నిలబెట్టుకున్న పదకొండు నెలలు. మగ్గాల మీద అతని పని. ఇక నా మీద అతనికున్న నమ్మకం. అది కూడా పోయిందని రాద్దామనుకున్నాను. పోలేదు. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. సూరత్‌లో ఒక మగ్గాల కార్ఖానాలో, దిగిన బట్టను బల్ల మీద పరిచి తప్పులు వెతకడం నా పని. తెగిన పోగు కనిపిస్తే సుద్దతో ఒక గీత. బట్ట చుట్టను ఇక్కడ తాకా అంటారు. ఒక తాకాలో ఏడు గీతలు పడితే మొత్తం తాకా సెకండ్ మాలు కింద తక్కువ ధరకు పోతుంది. మిగతా బట్ట ఎంత బాగున్నా అంతే. ఏడో గీత గీసేవాడిని నేను. నా గీతను మళ్లీ ఎవరూ చూడరు.

ఆట సంగతి చెప్పాలి. ఫోన్‌లో ఒక హిందీ వీడియో చూసి నేర్చుకున్నాను. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక మా దగ్గర లేదు. ఇరవై చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశాం. కోసాడ్ కాలనీలో నా గదిలో, సెలవు రోజున, మా వైపు నుంచి వచ్చిన నలుగురు మగ్గాలవాళ్లు చుట్టూ కూర్చునేవారు. కథ నడిపేది నేను.

సత్తయ్య ధర్మవీరుణ్ణి ఎంచుకుని, ఉక్కుమల్లన్న అని పేరు పెట్టాడు. అలాంటి వీరుడు కొన్ని మాటలకు కట్టుబడాలి. సత్తయ్య మూడు పెట్టుకున్నాడు: అబద్ధం ఆడడు, తోటివాణ్ణి వదలడు, మందు ముట్టడు. మూడోది మల్లన్నకు ఎందుకో మాకు మొదట అర్థం కాలేదు. ఆ వారం నుంచి సత్తయ్యే మానేశాడు. ఈ రాష్ట్రంలో మందు నిషేధం. అయినా కావాలనుకున్నవాడికి ప్లాస్టిక్ పొట్లాల్లో దొరుకుతుంది, అతనికి ఎక్కడ దొరుకుతుందో మా అందరికీ తెలుసు. అటు పోవడం మానేశాడు. నెల తిరిగేసరికి, మల్లన్న తాగడు కాబట్టి తనూ తాగడంలేదని, ఊళ్లో ఉన్న భార్యకు ఫోన్‌లో గర్వంగా చెప్పుకున్నాడు. ఆమెకు మల్లన్న ఎవరో తెలియదు. ఎవరైనా సరే, దండం పెట్టానని చెప్పమంది.

మాట తప్పిన వీరుడి పేరు మీద ఒక గీత పెట్టాలని నేనే నియమం చేశాను. ఏడు గీతలైతే వీరుడు పడిపోతాడు, చీకటి వీరుడవుతాడు. ఎక్కడి నుంచి తెచ్చానో మీకు తెలుస్తూనే ఉంది. గీతల కాగితం, వాళ్లకు కనబడకుండా నా ముందు నిలబెట్టుకున్న అట్టముక్క వెనక, నా దగ్గరే ఉండేది.

ఆ చీకటి వీరుణ్ణి కూడా నేనే కొత్తగా తయారుచేశాను. వీడియోలో చెప్పిన నియమాల్లో ఉన్నవాడు నాకు నచ్చలేదు. కొమ్ముల కిరీటం, నల్ల గుర్రం, చెడు చేయడమంటే సరదా. అలాంటి మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నిజానికి ధర్మవీరుడితో కూడా నాకొక ఇబ్బంది ఉండేది. అతను చెయ్యి వేస్తే గాయపడినవాడికి పది బలం పాయింట్లు వచ్చేవి. ఎక్కడి నుంచి? ఎవరి ఖాతాలోంచీ తగ్గేవి కావు. అది నాకు ముల్లులా ఉండేది. అందుకని నా చీకటి వీరుడికి అదే కవచం, అదే ప్రార్థన, అదే చెయ్యి ఇచ్చాను. కానీ అతను ఎవరి గాయం మాన్పినా ఆ గాయం పక్కవాడికి పోతుంది. మొత్తం మారదు. వారాల తరబడి కూర్చుని రాశాను. నా బుర్రలోంచి పుట్టినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. కానీ అతన్ని ఆడించేవాడు కావాలిగా? ఆడించాలంటే ఎవరో ఒకరు పడాలి.

ఇదొక్కటే అయితే చేసేవాణ్ణా? తెలియదు. ఇంకొకటి ఉంది. చెప్పడానికి దీనికంటే సిగ్గు.

ఒక ఆదివారం దెబ్బల మొత్తం కలిపి ముప్పై మూడని చెప్పాను. సత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదిహేడు, ఎనిమిది, ఆరు. ముప్పై ఒకటే గద అన్నా?"

ఆ నలుగురిలో ఒకడైన నరసింహులు చాప మీద దొర్లి నవ్వాడు. "లెక్కల సారుకే లెక్క తప్పిందిరో! ఇగ మనల్ని ఎవడు కాపాడాలె?"

అంతే జరిగింది. సత్తయ్య నవ్వలేదు కూడా. అందరికీ చాయ్ పోశాడు, ముందు నాకే.

అప్పటికి మల్లన్న మీద నాలుగు గీతలున్నాయి. నాలుగూ న్యాయమైనవే. ఒకసారి కాపలావాడితో అబద్ధం ఆడాడు, ఇంకోసారి వంతెన మీద తోటివాణ్ణి వదిలి పరిగెత్తాడు, మిగిలిన రెండూ అలాంటివే. ఆ తర్వాతి ఆదివారం అయిదోది పెట్టాను. దానికి ఒక సాకు ఉంది, వెతికి వెతికి పట్టుకున్న సాకు. ఆరోదానికి సాకు కూడా సరిగా లేదు. ఏడోది అతను గదిలోకి రాకముందే గీశాను. ఒక్కసారి చేసి ఉంటే కోపమనుకునేవాణ్ణి. మూడు వారాలు, మధ్యలో ప్రతిరోజూ డ్యూటీ, తినడం, అతనితో ఒకే ఆటోలో రావడం. అది కోపమా? నా గీతను ఎవరూ మళ్లీ చూడరన్న ధైర్యమా?

ఆ రోజు చెప్పాను, "ఏడయినయి సత్తయ్యా. మల్లన్న పడ్డడు."

నరసింహులు అట్టముక్క వైపు చెయ్యి చాపాడు. "జర కాగితం చూపియ్యి అన్నా. గన్ని ఎప్పుడయినయి?"

సత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దురా. అన్న లెక్కపెట్టిండంటే గన్నే ఉంటయి."

అట్టముక్క తీసి పక్కన పెడితే సరిపోయేది. నేను చీకటి వీరుడి కాగితం తీసి అతనికిచ్చాను. మెల్లగా, పెదవులు కదుపుతూ చదివాడు.

"పక్కోనికి పోయే గాయం నాకు రాదానే?"

"రాదు. పక్కోనికే."

"నేనే తీసుకుంటనంటే?"

"నియమం లేదు."

కాగితాన్ని మడతపడకుండా నా ముందు పెట్టాడు. "బాగ రాసినవ్ అన్నా. నిజంగ మస్తుంది. గని గిసోంటోన్ని నేను ఆడ." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆట ఆ రోజుతో ఆగింది. ఆ తర్వాత మూడో వారం నుంచి మళ్లీ తాగాడు. తాగి మగ్గాల దగ్గరికొచ్చాడని రెండు నెలలకు పనిలోంచి తీసేశారు. ఆ గీతలు లేకపోయినా తాగేవాడేమో. ఆ మాటతో నన్ను నేను తప్పించుకోవాలని చాలాసార్లు చూశాను. పదకొండు నెలలు తాగనివాడు పన్నెండో నెల తాగకుండా ఉండే అవకాశం ఎంత? ఏ పద్ధతిలో వేసినా జవాబు సున్నా రాదు.

ఇప్పుడతను రింగ్ రోడ్ మార్కెట్లలో చీరల మూటలు మోస్తున్నాడు. పోయిన నెల కనిపించాడు, కళ్లు పచ్చగా ఉన్నాయి. ఎలా ఉన్నావంటే నవ్వాడు. "ఏడు తప్పులు చేసినోన్ని, ఎట్లుంటనే అన్నా?" అది అతనికి అలవాటైన హాస్యం. మూటలవాళ్లందరికీ ఆ మాట తెలుసట, ఎందుకంటాడో మాత్రం తెలియదు. ఏడు కాదు సత్తయ్యా అనడానికి నోరు తెరిచాను. చాయ్ తాగుదామా అన్నాను. డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టాడు.

నా చీకటి వీరుణ్ణి తర్వాత ఎవరూ ఆడించలేదు. ఒకప్పుడు అతనిలో నాకు నచ్చింది, మొత్తం ఎప్పుడూ సరిపోవడం. ఇప్పుడు అతన్ని తలుచుకుంటే కవచం, గుర్రం గుర్తుకురావు. అట్టముక్క వెనక పెన్సిల్ పట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. గాయం నాది, ముప్పై మూడని తప్పు చెప్పినప్పుడు తగిలింది. దాన్ని పక్కవాడికి పంపించాను.

మీరు నన్ను క్షమించాల్సిన పనిలేదు. మీకు ఆ హక్కూ లేదు. అతనికి చెబుతానో లేదో ఇవాళ మాట ఇవ్వలేను, మాటల విషయంలో నా సంగతి మీరు చూశారుగా. ఇన్నేళ్లలో ఒక్కరికైనా చెప్పాను, అంతవరకే. ఊపిరి కాస్త ఆడుతోంది. కాగితం ఎదురుగా ఉంది. దాని మీద ఏడు గీతలు. సత్తయ్యవి నాలుగు.

అతనికి నేనింకా బాకీ ఉన్నవి మూడు.